దామెర్ల రామారావుగారి చిత్రకళాసాధన

చిత్రకారుడు చిత్రమును ఎందుకు వ్రాయును? ఈ ప్రశ్నకు రాయగడ జిల్లాలోని సవరపల్లెలలో సిద్ధముగా నొక సమాధానము కలదు. ఇంటిలో నొకనికి జబ్బుచేసినను, చనిపోయిన పెద్దలు తృప్తిపడలేదని తోచినను, కుడానును పిలిపింతురు. ఏ దేవత, ఏ పితరుడు ఏమి కోరుచున్నాడో అతడు తెలిసికొని చెప్పును. అప్పుడు ఇంటిగోడకు ఎఱ్ఱమట్టి పూసి, దానిపై బియ్యపుపిండిని నీటిలో కలిపి వెదురుపుల్లతో ఇడితాలును వ్రాయుదురు. అందులో ఇల్లుండును, మనుష్యులు, ఏనుగులు, గుఱ్ఱములు, సూర్యచంద్రులు నుందురు. ఆ చిత్రము అలంకారము కాదు. అది పితరునికి కట్టియిచ్చిన ఇల్లు. కోరినవాడు కలడు, వ్రాయువాడు కలడు, వ్రాయుటకు కారణము కలదు. సవరభాషను జీవితాంతము పరిశోధించి, 1938లో ఆ భాషకు నిఘంటువును సమకూర్చిన గిడుగు రామమూర్తిపంతులుగారి వలన తెలుగువారికి ఈ జాతితో విద్వత్సంబంధము కూడ ఏర్పడినది.

కాన్వాసు ముందు నిలిచిన తైలవర్ణ చిత్రకారునికి ఇట్టి సౌకర్యము లేదు. అతనిని ఏ పితరుడును అడుగడు. ఏ కుడానును ఆజ్ఞాపింపడు. వ్రాయవలసిన కారణమును అతడే వెదకికొనవలెను. ఆధునికాంధ్ర చిత్రకళాచరిత్రలో ఈ అన్వేషణము మొట్టమొదట స్పష్టముగా కనబడునది రాజమహేంద్రవరమునకు చెందిన దామెర్ల రామారావుగారి జీవితమునందు. వారు ఇరువది యెనిమిదేండ్లు నిండకుండగనే పరమపదించిరి. వారు ఏ వర్ణముతో వ్రాసిరి, ఏ గురువు నొద్ద నేర్చిరి అను విషయములకంటె, నేర్చినదానిని దేనికై వినియోగించిరి అనునదే ముఖ్యమైన విషయము. ఈ వ్యాసమున దానినే విచారింపవలసియున్నది.

కోరాపుట్, రాయగడ ప్రాంతముల తెలుగువారికి రామారావుగారు పరాయివారు కారు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకును జయపుర సంస్థానము విశాఖపట్టణము జిల్లాలో నుండెను. ఆ చిత్రకారుని జీవితకాలమంతయు ఈ కొండలును ఆ గోదావరీతీరమును ఒకే చెన్నరాజధానిలోనివి. పాలనాసరిహద్దులు మారినను నీటిదారి మారలేదు. కోరాపుట్‌లోని సింకారము కొండలలో పుట్టిన కొలాబు నది దిగువకు పోయి శబరియను పేరు దాల్చి, కూనవరమువద్ద గోదావరిలో కలియును. అక్కడనుండి పాపికొండల నడుమ ఇరుకుదారిన సాగి, రాజమహేంద్రవరమువద్ద విశాలమైన ప్రవాహమగును. రామారావుగారు కుంచెతో పట్టుకొన్న గోదావరిలో ఈ కొండలనీరు కూడ కలదు.

రామారావుగారు బొంబాయిలో నేర్చిన తైలవర్ణవిద్య ఏపాటిదో, అది మనదేశమునకు ఏ రూపమున వచ్చెనో ముందుగా తెలిసికొనుట అవసరము. పాశ్చాత్యదేశములలో శతాబ్దముల తరబడి పెరిగిన ఈ పద్ధతి ఇచ్చటికి ముఖ్యముగా రాజుల, దొరల ప్రతిరూపచిత్రములద్వారా వచ్చినది. దర్బారుగోడలపై నిలువెత్తు చిత్రమును వ్రేలాడదీయుట సంస్థానాధిపతులకు గౌరవచిహ్నమైనది. తిరువాన్కూరు ప్రాంతీయుడైన రాజా రవివర్మ (1848–1906) ఈ విద్యను సాధించి, పురాణస్త్రీలను, దేవతలను తైలవర్ణములతో చిత్రించెను. 1894లో ఆయన బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయమునుండి వెలువడిన రంగుచిత్రములు అనతికాలములోనే సామాన్యుల ఇండ్లకు చేరినవి. లక్ష్మీసరస్వతుల రూపము లిట్లుండునని పెక్కుమందికి స్థిరపడినది ఆ అచ్చుపటముల వలననే. తెలుగుదేశమున పూజామందిరములోనికి తైలవర్ణచిత్రము నేరుగా రాలేదు. దాని నకలు వచ్చినది.

కవిత్వమునకు తెలుగుసంస్థానములు ఇచ్చిన ఆదరమును ఇచ్చట స్మరింపవలెను. జయపురాధీశ్వరులైన విక్రమదేవవర్మగారు (1869–1951) స్వయముగా కవులు, పండితపోషకులు. ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ఏటేట లక్షరూపాయలు విరాళమిచ్చిన దాతలు. పిఠాపురము, విజయనగరము, బొబ్బిలి మొదలగు ఆస్థానములలో కవిపండితులకు స్థానముండెను. చిత్రకారునికి లభించిన స్థానము అట్టిది కాదు. యజమాని ముఖమును యథాతథముగా దించిపెట్టువానిగనే లోకము అతనిని చూచినది. కవి తనకు తోచిన కావ్యమును వ్రాసి రాజునకు అంకితమీయవచ్చును. చిత్రకారుడు రాజు కోరిన రాజునే వ్రాయవలసియుండెను. తన మనస్సులోని చిత్రమును వ్రాయుటకు అతనికి గోడయు లేదు, ధరయు లేదు, గుర్తింపును లేదు.

ఇరువదియవ శతాబ్దారంభమునకు మఱియొక చిక్కు వచ్చినది. కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలాధిపతిగానుండిన ఇ. బి. హావెల్, ఆయన ప్రోత్సాహమును పొందిన అవనీంద్రనాథ ఠాకూరు (1871–1951) పాశ్చాత్యానుకరణమును నిరసించిరి. భారతీయచిత్రము భారతీయపద్ధతిని నడువవలెనని వారి వాదము. తైలవర్ణము పరదేశపు వస్తువుగా వారికి తోచినది. అవనీంద్రులు మొగలు సూక్ష్మచిత్రములను పరిశీలించి, జపాను చిత్రకారుల నుండి నీటిరంగును పలుమారులు కడిగి మృదువుచేయు పద్ధతిని గ్రహించిరి. బొంబాయిలో 1857లో ఏర్పడిన జె. జె. కళాశాల ఇందుకు భిన్నమైన మార్గమున నడచినది. ఎదుటనున్న వస్తువును కన్ను చూచినట్లు చిత్రించుట, మానవశరీరనిర్మాణమును తెలిసికొనుట, వెలుగునీడలను సాధించుట అచ్చటి విద్య. ఒకరు ఎదుటివారిని నకలుచేయువారనిరి. వారు వీరిని దేహము నెఱుగని స్వాప్నికులనిరి. తెలుగుదేశమున ఈ వంగమార్గము మచిలీపట్టణమునకు వచ్చెను. కోపల్లె హనుమంతరావుగారు మొదలగువారు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారు ఆ పద్ధతిని బోధించిరి. అడవి బాపిరాజుగారు వారి శిష్యులు. బొంబాయిమార్గమున పోయి వచ్చినవారు రామారావుగారు.

రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యమునుండియు వారికి బొమ్మలు వ్రాయుటయం దాసక్తి. ఆ ఆసక్తిని విద్యగా మార్చినవారు ఆస్వాల్డ్ కూల్డ్రేగారు. 1909లో రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా వచ్చిన ఈ ఆంగ్లేయుడు కవి, కథకుడు, స్వయముగా నీటిరంగుల చిత్రకారుడు. శిష్యులను వెంటబెట్టుకొని గోదావరిగట్టుపై తిరుగుట, వారిచే చూడదగినదానిని చూపించుట ఆయన బోధనలో నొక భాగము. బాపిరాజుగారును, కవికొండల వెంకటరావుగారును ఆ చెట్టునీడను పెరిగినవారే. వినికిడి తగ్గుటచేత ఆయన 1919లో ఉద్యోగమును వీడి స్వదేశమునకు పోయిరి.

కూల్డ్రేగారు చేసిన మేలు బొమ్మ దిద్దుట కాదు. నాటి పాఠశాలలలో చిత్రలేఖనమనగా ఇంగ్లాండునుండి వచ్చిన నమూనాపుస్తకములోని గీతలను తిరిగి గీయుటయే. ఏటియొడ్డున బట్టలుతుకు స్త్రీ, బిందె చంకనెత్తుకొని మెట్లెక్కు పిల్ల, రావిచెట్టు మొదట నున్న నందివిగ్రహము – ఇవి చిత్రింపదగినవని ఆ పుస్తకములు చెప్పవు. కనులయెదుట నున్నది చిత్రమునకు తగినదేయని ఒక కళాభిజ్ఞుడు చెప్పుటతో రామారావుగారి చూపు ఊరివైపు తిరిగినది. వారి ప్రేరణకు ఇది మొదటి మెట్టు. ఊరిని చూడుమని చెప్పినవాడు విదేశీయుడగుట మన విద్యావిధానముపై నొక వ్యాఖ్యానము. అయినను చూచిన కన్ను మాత్రము తెలుగుకన్నే.

కూల్డ్రేగారి ప్రోత్సాహముతో రామారావుగారు 1916లో బొంబాయి జె. జె. కళాశాలలో చేరిరి, 1920 నాటికి అచ్చటి విద్యను ముగించిరి. ఆ నాలుగేండ్ల కాలముననే కళాశాలకు గ్లాడ్‌స్టన్ సాలమన్‌గారు అధ్యక్షులై, 1919లో సజీవమైన నమూనాను ఎదుట నిలిపి చిత్రించు తరగతిని ప్రారంభించిరి. అంతకుముందు విద్యార్థులు ఎక్కువగా గ్రీకు విగ్రహముల సున్నపునకళ్లను చూచి వ్రాసెడివారు. సున్నపుబొమ్మ ఊపిరి తీయదు. అలసి ఒక కాలిమీదనుండి మఱియొక కాలిమీదికి బరువు మార్చదు. ఎదుట నిలిచిన మనుష్యుని వ్రాయునపుడే వెన్నెముక వంపు, భుజము వ్రాలు, పిక్క బిగువు తెలియును. రామారావుగారి స్త్రీమూర్తులలో నిలుకడకును నడకకును గల తేడా స్పష్టముగా కనబడుటకు ఈ శిక్షణయే మూలము.

తైలవర్ణము వారికి నేర్పిన పాఠము మఱియొకటి. ఈ పద్ధతిలో వర్ణచూర్ణమును అవిసెనూనెతో నూఱుదురు. నీరువలె ఈ నూనె ఆవిరియై పోదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి క్రమముగా గట్టిపడును. పైపొర తడియారుటకే దినములు పట్టును. లోపల పూర్తిగా గట్టిపడుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువకాలము పట్టును. కావున చిత్రకారునికి వ్యవధి దొరకును. నేడు వ్రాసిన చెక్కిలి రేపు తప్పుగా తోచినచో గీకివేయవచ్చును, దానిపై మఱియొక పొర వేయవచ్చును. అడుగుపొరలలో నూనె తక్కువగాను, పైపొరలలో ఎక్కువగాను ఉండవలెనను నియమము తప్పినచో, పైపొర ముందుగా ఎండి, అడుగుది తరువాత కుదియుటచే చిత్రము బీటలువాఱును. ముందు ముదురునీడలు, తరువాత మధ్యచ్ఛాయలు, చివర వెలుగుతునకలు – ఈ క్రమమున చీకటినుండి వెలుగునకు పోవుట సంప్రదాయము.

నీటిరంగు ఇందుకు విరుద్ధము. అందు కాగితపు తెలుపే వెలుగు. ఆ తెలుపును మొదటనే కాపాడుకొనవలెను. ఒకమారు కోల్పోయినది తిరిగి రాదు. వెలుగునుండి చీకటికి పోవలెను. చేయి తడబడినచో దిద్దుటకు వీలు లేదు. తైలవర్ణకారుడు ఆలోచించుచు వ్రాయగలడు. నీటిరంగులవాడు ఆలోచించిన తరువాతనే వ్రాయవలెను. రామారావుగారు రెండింటను కృషిచేసిరి. వారు విడిచిపోయిన చిత్రములలో తైలవర్ణచిత్రములును కలవు. నీటిరంగులవి వానికంటె ఎక్కువ. తైలవర్ణమున సాధించిన దేహనిర్మాణజ్ఞానమును, వెలుగునీడల విభజనమును వారు నీటిరంగులలోనికి తెచ్చిరి. వంగపద్ధతి చిత్రములలో ఆకృతులు పొగమంచులో కలిసిపోవుచుండగా, రామారావుగారి ఆకృతులు నేలమీద బరువుగా నిలుచుటకు ఇది కారణమని చెప్పవచ్చును.

బొంబాయిలో లేనిది వారికి అజంతాలో లభించినది. ఆ గుహలను వారు దర్శించిరి. అచ్చట దేహమును నిలబెట్టునది నీడ కాదు, రేఖ. కనుబొమ్మనుండి ముక్కుకొనవరకు, భుజమునుండి వ్రేలికొనవరకు ఒకే ఊపున సాగు గీతలో మాంసము మెత్తదనము, ఎముక గట్టిదనము, మనస్సులోని భావము మూడును ఇమిడియుండును. బొంబాయి శిక్షణ లేనిచో ఆ రేఖ ఏమి చెప్పుచున్నదో వారికి పూర్తిగా తెలియకపోవచ్చును. అజంతా లేనిచో బొంబాయి విద్య నకలుతో నిలిచిపోవచ్చును. ఇచ్చటనే రామారావుగారి స్వతంత్రత తెలియును. కలకత్తావారివలె తైలవర్ణమును పరదేశమని వారు త్రోసివేయలేదు. బొంబాయివారివలె కన్ను చూచినదే తుదియనియు నమ్మలేదు. విద్య ఎక్కడిదైన నేమి, చిత్రములోని మనుష్యుడు ఎక్కడివాడు అనునదే వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానము వారి కృషిక్రమములోనే కనబడును. రామారావుగారు పెక్కు పెన్సిలురేఖాచిత్రములను, చిత్తుపుస్తకములను విడిచిపోయిరి. ఇవి ప్రదర్శనమునకు వ్రాసినవి కావు. పెద్దచిత్రమునకు ముందు కన్ను చేసిన అభ్యాసములు. ఒక చేయి, ఒక కొప్పు, కూర్చున్న మనిషి మోకాలి మడత వేరువేరుగా పరిశీలించి, ఆ తరువాతనే వానిని ఒక చిత్రమున కూర్చుట ఇట్టి సాధనలోని పద్ధతి. పూర్తియైన చిత్రమున చీరకుచ్చెళ్లు సులభముగా జాఱినట్లు కనబడుటకు వెనుక ఎన్నిమారులు ఆ కుచ్చెళ్లను పరిశీలించి గీసియుండిరో ఆ చిత్తులు సాక్ష్యమిచ్చును. అప్రయత్నముగా కనబడునది అత్యంతప్రయత్నముచే సిద్ధించినదని విద్యార్థి తెలిసికొనదగిన స్థలము ఇదియే.

రాజమహేంద్రవరమునకు తిరిగి వచ్చిన చిత్రకారునికి ఒక పెద్దలోటు ఎదురైనది. బొంబాయిలో కళాశాల నమూనాలను సమకూర్చెడిది. ఆనాటి తెలుగుపట్టణమున ఒక స్త్రీ పరపురుషుని యెదుట గంటలతరబడి కదలక కూర్చుండుట ఊహింపరాని విషయము. ఈ లోటును తీర్చినవారు వారి ధర్మపత్ని సత్యవాణిగారు. పెక్కుచిత్రములకు వారే నమూనాగా నుండిరి. ఆకాలపు గృహిణికి ఇది సామాన్యమైన సాహసము కాదు. సత్యవాణిగారును, రామారావుగారి సోదరి బుచ్చికృష్ణమ్మగారును తామును చిత్రలేఖనమును అభ్యసించిరి. కావున ఆ ఇంట చిత్రకళ పురుషుని ఏకాంతవృత్తిగా నుండక కుటుంబవిద్యగా నైనది. నమూనాగా కూర్చున్నవారికి చిత్రమనగా నేమో తెలిసియుండుట చిత్రకారునికి ఎంత సహాయమో చెప్పనక్కరలేదు.

రామారావుగారి ప్రసిద్ధచిత్రములను విషయమునుబట్టి రెండు తెగలుగా విభజింపవచ్చును. ‘ఋష్యశృంగబంధనము’, ‘సిద్ధార్థ రాగోదయము’ వంటివి పురాణేతిహాసములనుండి గ్రహించినవి. ‘పుష్పాలంకారము’, ‘కార్తికపౌర్ణమి’, ‘నందిపూజ’ వంటివి నిత్యజీవితములోనివి. మొదటి తెగలో నొక విశేషము గమనింపదగినది. స్త్రీ నెఱుగని ముని కుమారుని వేశ్యలు వలలో వేసికొను కథలో ఒక బాలుని అమాయకత్వము తొలిమారు చలించును. సిద్ధార్థుని చిత్రములో కాబోవు బుద్ధుని మనస్సున తొలి అనురాగము ఉదయించును. రెండును జయాపజయముల కథలు కావు. మనస్సులో నొక మార్పు కలుగు క్షణములు. రవివర్మ చిత్రములలో పాత్రలు తరచుగా రంగస్థలముపై నిలిచినట్లు ప్రేక్షకునివైపు తిరిగియుండును. రామారావుగారు కోరినది నాటకము కాదు, మనోగతము. ‘ఋష్యశృంగబంధనము’ కలకత్తాలోని ప్రాచ్యకళాసమితి ప్రదర్శనమున వైస్రాయి బహుమానమును పొందినది. తైలవర్ణమును నేర్చిన బొంబాయి విద్యార్థి ఒకడు నీటిరంగులవారి రాజధానిలో గౌరవమును పొందుట ఆ రెండు శిబిరముల వివాదమునకు నిశ్శబ్దమైన సమాధానము.

రెండవ తెగయే తెలుగుచిత్రకళకు వారిచ్చిన అసలైన ఆస్తి. జడలో పూలు తుఱుముకొనుట, కార్తికమాసమున దీపము పెట్టుట, నందికి పూజచేయుట – వీనిలో వీరులు లేరు, కథయును లేదు. ప్రతిగ్రామమునను ప్రతిదినము జరుగు పనులివి.  పురాణస్త్రీకి లభించిన గౌరవమును నందివద్ద పూవులుంచు సామాన్యస్త్రీకి కూడ ఇచ్చుట వారి ఉద్దేశము. చీరకట్టులో, కొప్పుముడిలో, నడుము వంచి నిలుచు తీరులో గోదావరిప్రాంతము కనబడును. గోదావరిలోయ దృశ్యములను కూడ వారు చిత్రించిరి. ఆంధ్రమహాసభ తొలిసమావేశము 1913లో బాపట్లలో జరిగి, తెలుగువారి ప్రత్యేకరాష్ట్రవాంఛ బలపడుచున్న కాలమది. రాజకీయనాయకులు సభలలో చెప్పుచున్నదానిని రామారావుగారు చిత్రములో ఉపన్యాసము లేకుండ చెప్పిరి. తెలుగుమనిషికి ఒక రూపము కలదు, ఆ రూపము చిత్రింపదగినది అనునదే వారి మాట.

ఇంత మాత్రమున వారి చిత్రములు విమర్శకు అతీతములని చెప్పరాదు. వారి స్త్రీమూర్తులు సుకుమారులు. పొలములో నాట్లువేయు చేతుల కాఠిన్యము వారియందు తక్కువ. గోదావరిగట్టున ఎండలో పనిచేయువారి బాధకంటె ఆ గట్టున వెన్నెల సొంపే ఆ చిత్రములలో ఎక్కువ. ఇది ఆ తరమునకు సామాన్యలక్షణము. భావకవిత్వమునకును ఇదే వర్తించును. నిజమైన విషయమేమనగా, తన దృష్టిని విశాలముచేసికొనుటకు కావలసిన కాలము వారికి లభింపలేదు.

ప్రేరణనుగూర్చి చిత్రములకంటె బలమైన సాక్ష్యమొకటి కలదు. బొంబాయి విద్య, కలకత్తా బహుమానము గల యువకునికి సంస్థానములలో ప్రతిరూపచిత్రములు వ్రాసి ధనమార్జించుట కష్టము కాదు. బొంబాయిలోనే స్థిరపడవచ్చును. రామారావుగారు రాజమహేంద్రవరమున నిలిచి 1923లో చిత్రకళాశాలను స్థాపించిరి. మిత్రులైన వరద వెంకటరత్నముగారు ఈ కార్యమున వారికి తోడైరి. తన పేరు మాత్రమే కోరువాడు చిత్రమును వ్రాసి సంతకము చేయును; తన విద్య నిలువవలెనని కోరువాడు పాఠశాలను పెట్టును. తెలుగుబాలుడు చిత్రవిద్యకై బొంబాయికో కలకత్తాకో పోనక్కరలేకుండ, తన యేటియొడ్డుననే, తన మనుష్యులను చూచుచు నేర్చుకొనవలెనని వారు సంకల్పించిరి. సవరవానికి పితరుడిచ్చిన ఆజ్ఞవంటిది రామారావుగారికి ఈ సంకల్పము.

ఆ పాఠశాల నిలదొక్కుకొనకముందే 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి వారిని పొట్టనబెట్టుకొన్నది. ఆ వ్యాధికి టీకా కనుగొనబడి అప్పటికే శతాబ్దము దాటినది. మనదేశమునుండి అది తొలగిపోవుటకు మఱియొక ఏబది సంవత్సరములు పట్టినది. చదువు ముగించి తిరిగివచ్చిన తరువాత వారికి దక్కినది ఐదేండ్లకు మించదు. ఆ ఐదేండ్లలో చిత్రములు, ప్రదర్శనలు, పాఠశాల అన్నియు జరిగినవి. నూనెరంగు పొర ఎండువరకు ఓపికపట్టుట నేర్చిన చిత్రకారునికి ఆయువు ఓపికపట్టలేదు.

దీర్ఘాయువు చిత్రకారునికి ఏమి యీయగలదో తెలిసికొనుటకు మఱియొక తెలుగువాని జీవితమును ప్రక్కన నిలుపవచ్చును. కరీంనగరు జిల్లా అన్నారములో 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డిగారును జె. జె. కళాశాలలోనే చదివిరి. 1941లో బొంబాయిలో నవీనమార్గమును కోరిన యువచిత్రకారుల బృందములో వారొకరు. అటుపిమ్మట హైదరాబాదులో కొయ్యసామానుల వ్యాపారమును నడిపి, మరల చిత్రరచనకు తిరిగివచ్చి, తుదకు తాంత్రికచిహ్నములను ఆధారముగా గొని నూతనశైలిని నిర్మించిరి. 1996లో మరణించునాటికి వారు ఒక్క జీవితములో అనేకశైలులను దాటిరి. మొదటిశైలితో ఆగిపోక, దానిని కాదని మఱియొకదానికి పోవు అవకాశము ఆయనకు కలిగినది. రామారావుగారికి మొదటి మాటయే కడపటి మాటయైనది. ఆ మాట స్పష్టముగా నుండుట ఆయన గొప్పతనము.

రామారావుగారి తరువాత పాఠశాల మూతపడలేదు. వరద వెంకటరత్నముగారు దానిని భుజములపై వేసికొని నడిపిరి. సత్యవాణిగారు భర్త చిత్రములను అంగడిపాలు కానీయక కాపాడిరి. ఆ చిత్రములు చెదరక ఒక్కచోట నుండుటచేతనే రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు స్మారక చిత్రశాల సాధ్యమైనది. చిత్రములు విడివిడిగా అమ్ముడుపోయినచో నేడు వారి సాధనక్రమము తెలిసికొనుటకు మార్గముండెడిది కాదు. పెన్సిలుగీతయు, చిత్తును, పూర్తియైన చిత్రమును ఒకే కప్పుక్రింద నుండుటవలననే ఒక చిత్రకారుని మనస్సు ఎట్లు పనిచేసెనో పరిశీలించుటకు వీలైనది. ఈ విషయమున తెలుగుచిత్రకళాచరిత్ర సత్యవాణిగారికిని వెంకటరత్నముగారికిని ఋణపడియున్నది.

సవరపల్లెలోని ఇడితాలు చెరగిపోయినను నష్టము లేదు. పితరుడు మరల కోరినపుడు కుడాను మరల వ్రాయించును. గోడ పాతదైనచో క్రొత్తగోడపై అదే ఇల్లు లేచును. ఆ చిత్రము వస్తువులో లేదు, వంశములో కలదు. చిత్రశాలలోని చిత్రమునకు ఈ పునర్జన్మ లేదు. తేమకు కాన్వాసు సడలును. నూనెపొర కాలక్రమమున పసుపుబాఱి బీటలిచ్చును. నీటిరంగు తీక్ష్ణమైన వెలుతురున వెలిసిపోవును. చెదలును గోదావరి వానాకాలమును చిత్రకారుని కీర్తిని లెక్కచేయవు. ఒకమారు పోయిన రేఖను తిరిగి గీయుటకు ఆ చేయి లేదు.

కనుక రామారావుగారిని స్మరించుటయనగా జన్మదినమున పూలమాల వేయుట మాత్రము కాదు. ఆయన చిత్రములను నీడలో, పొడిలో, నియతమైన వెలుతురులో కాపాడుట. వానిని చూచుటకు పిల్లలను తీసికొనిపోవుట. చిత్తుపుస్తకముల పుటలను విద్యార్థి యెదుట తెఱచియుంచుట. కొలాబు కొండలనుండి శబరియై దిగివచ్చి గోదావరిలో కలిసిన నీరు ఎవరిదని ఎవరును అడుగరు. ఆ ఏటియొడ్డున ఒక యువకుడు తెలుగువారి రూపమును వర్ణములలో నిలిపెను. దానిని నిలుపుకొనవలసిన పని ఏటికి ఎగువనున్న తెలుగువారికిని, దిగువనున్న తెలుగువారికిని సమానముగ చెందును.